ఇండస్ట్రియల్ రాక్‌లో ఒక్క లైవ్ ఆల్బం కొనాలంటే ఏది?

ఇండస్ట్రియల్ రాక్, అంటే యంత్రాల మోతనీ గిటార్లనీ కలిపి కట్టే రాక్, కొత్తగా వింటున్నవాళ్ళు కాస్త ముదిరాక అడిగే ప్రశ్న ఇది: స్టూడియో ఆల్బములు ఉండగా లైవ్ ఆల్బం (కచేరీలో రికార్డు చేసినది) ఎందుకు, కొంటే ఏది కొనాలి? మొదటి సగానికి జవాబు కాస్త పొడుగు. రెండో సగం మాత్రం ముందే తేల్చేస్తాను, తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. నైన్ ఇంచ్ నెయిల్స్ 2002 జనవరిలో విడుదల చేసిన ‘అండ్ ఆల్ దట్ కుడ్ హావ్ బీన్’ కొనండి, అదీ ‘స్టిల్’ అనే రెండో డిస్క్ ఉన్న ఎడిషన్. శుభ్రంగా తీర్చిదిద్దిన శబ్దం కంటే గలాటా ఎక్కువ ఇష్టమైతే మినిస్ట్రీ 1990లో వేసిన రికార్డు. చెవులతో పాటు కళ్ళకీ పని కావాలంటే జర్మన్ బ్యాండ్ రామ్‌స్టైన్. ఈ మూడూ ఒకదానికొకటి బదులు రావు. ఒకటి నచ్చినవాళ్ళకి ఇంకొకటి బొత్తిగా నచ్చకపోవచ్చు. అందుకే ఏది ఎవరికి పనికొస్తుందో కొంచెం వివరంగా చెబుతాను.

యంత్రం వాయిస్తుంటే ‘లైవ్’ అంటే ఏమిటి

మామూలు రాక్ బ్యాండ్ లైవ్ ఆల్బంలో ఏం వెతకాలో అందరికీ తెలుసు. గిటార్ వాయించేవాడు స్టూడియోలో లేని సోలో ఒకటి ఎత్తుకుంటాడు, పాట సాగుతుంది, జనం ఊగిపోతారు. ఇండస్ట్రియల్ రాక్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క కుదరదు. ఈ పాటలు చాలావరకు స్టూడియోలో ఒకరిద్దరు మనుషులు కంప్యూటర్ల ముందు, శాంప్లర్ల (రికార్డు చేసిన శబ్దాల ముక్కల్ని వాయించే యంత్రాల) ముందు కూర్చుని పొరలు పొరలుగా కట్టినవి. నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుకి బ్యాండే గానీ, 2016 దాకా అందులో శాశ్వత సభ్యుడు ట్రెంట్ రెజ్నర్ ఒక్కడే. టూర్ అనేసరికి మిగతావాళ్ళని పోగేసుకుని బయలుదేరేవాడు.

స్టేజీ మీద కూడా యంత్రం ఆగదు. స్వరాల్ని ముందే పెట్టిన వరసలో తనంతట తానే వాయించే సీక్వెన్సర్ నడుస్తూ ఉంటుంది, ముందే రికార్డు చేసిన శబ్దాలు వాటి సమయానికి అవి వచ్చి పడుతుంటాయి. డ్రమ్మర్ చెవిలో టిక్ టిక్ మని క్లిక్ మోగుతూ ఉంటుంది, అతను దాన్ని దాటి వెళ్ళడానికి లేదు. అందువల్ల వేగం మారదు, పాట నిడివీ పెద్దగా మారదు. మరి మారేదేమిటి? డ్రమ్ మీద పడే దెబ్బ బరువు. గిటార్ అదుపు తప్పి చేసే కూత. పాడేవాడి ఊపిరి అందక గొంతు జీరబోవడం. యంత్రం ఒక్క అంగుళం కదలనంటుంటే మనుషులు దాని మీద పడి పెనుగులాడటం వినిపించాలి. ఆ పెనుగులాట వినిపిస్తే అది లైవ్ ఆల్బం. వినిపించకపోతే స్టూడియో పాటకి చప్పట్లు అతికించినట్టే.

కాబట్టి ఈ రకం లైవ్ ఆల్బం ఏది చేతికొచ్చినా నేను ముందు డ్రమ్స్ వింటాను. తర్వాత గొంతు, గిటార్. జనం కేకలు ఆఖర్న. మీరూ ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. బాగా తెలిసిన ఒక్క పాటని స్టూడియోది, లైవ్‌ది వెంటవెంటనే వినండి. ఒక నిమిషం గడిచినా ఏం మారిందో చెప్పలేకపోతున్నారంటే ఆ ఆల్బం మీద డబ్బు పెట్టకండి.

నైన్ ఇంచ్ నెయిల్స్: ‘అండ్ ఆల్ దట్ కుడ్ హావ్ బీన్’

1999 సెప్టెంబరులో ‘ది ఫ్రాజైల్’ అనే రెండు డిస్కుల ఆల్బం వచ్చింది. దాని వెనకే ‘ఫ్రాజిలిటీ’ అనే టూర్ మొదలైంది. 2000లో అమెరికాలో జరిగిన రెండో విడత నుంచి ఈ రికార్డింగులు తీసుకున్నారు. ఒక్క రాత్రి కచేరీ కాదు, పలు ఊళ్ళలో వాయించినవాటిలోంచి ఏరి కూర్చినది. రెజ్నర్‌తో పాటు రాబిన్ ఫింక్, డానీ లోనర్, చార్లీ క్లౌజర్, డ్రమ్స్ మీద జెరోమ్ డిల్లన్. సీడీలో పదహారు పాటలు.

మొదటి పాట ‘టెరిబుల్ లై’ నుంచే తేడా తెలుస్తుంది. 1989 నాటి స్టూడియో పాటలో డ్రమ్ములు యంత్రంవి. పలచగా, పొడిపొడిగా, సింథసైజర్ల మీద నడిచే ఆ కాలపు సింథ్ పాప్ వాసనతో ఉంటాయి. ఇక్కడ అదే దరువుని డిల్లన్ చేత్తో కొడతాడు. దాని తర్వాతి ‘సిన్’కీ ఇదే వర్తిస్తుంది. రెజ్నర్ తొలి ఆల్బం పాతబడిపోయిందనిపించి పక్కన పెట్టేసినవాళ్ళు ఈ రెండు పాటలూ ఇక్కడ వినండి. ఆ పాటల్లో ఉన్న బలం అప్పటి యంత్రాలు బయటికి రానివ్వలేదని నా అభిప్రాయం. లైవ్ ఆల్బం చేయాల్సిన పని సరిగ్గా ఇదే.

మూడోది ‘మార్చ్ ఆఫ్ ది పిగ్స్’. ఈ ఆల్బం కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతుంటే ముందుగా వినాల్సిన పాట. కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో తెలిసినవాళ్ళకి ఇందులో ఒక సరదా ఉంది. పాట ఏడు దెబ్బల లెక్కన మూడుసార్లు తిరిగి, నాలుగోసారి ఎనిమిది దెబ్బలతో ముగుస్తుంది, మళ్ళీ మొదలు. మిశ్ర చాపు అలవాటున్న చెయ్యి ‘తకిట తకధిమి’ అని మూడుసార్లు వేసి, నాలుగోసారి ‘తకధిమి తకధిమి’ అంటే సరిగ్గా కూర్చుంటుంది. ఊపిరి తీసుకోనివ్వని వేగంలో ఉంటుంది కాబట్టి మొదట్లో తొడ మీద చెయ్యి తడబడుతుంది, నాలుగైదుసార్లు విన్నాక పట్టుబడుతుంది. ఇంత హోరులో ఒక్కసారి అంతా ఆగిపోతుంది. పియానో ఒక్కటే మిగులుతుంది. రెజ్నర్ మామూలు గొంతుతో ఒక వాక్యం పాడతాడు. స్టూడియో పాటలో ఆ నిశ్శబ్దం ఖాళీగా ఉంటుంది. ఇక్కడ ఆ ఖాళీలో వేలమంది ఎదురుచూపు వినిపిస్తుంది. తర్వాత ఏం రాబోతోందో హాల్లో అందరికీ తెలుసు, అయినా ఆ రెండు క్షణాలూ టెన్షనే.

మధ్యలో ‘ది గ్రేట్ బిలో’, ‘ది మార్క్ హాజ్ బీన్ మేడ్’ అనే రెండు పాటలు వెంటవెంటనే వస్తాయి. మొదటిది నెమ్మదిగా మునిగిపోతున్నట్టుండే పాట, రెండోది మాటలు లేనిది, అడుగు అడుగుగా పైకి లేస్తుంది. కచేరీల్లో ఈ భాగానికి వీడియో కళాకారుడు బిల్ వయోలా చేసిన నీటి దృశ్యాలు మూడు తెరల మీద వేసేవారు. సీడీలో అవి ఎలాగూ కనిపించవు, అయినా గలాటా మధ్యలో ఈ పది నిమిషాలు దొరకబట్టే చివరి అరగంట హోరుని చెవులు తట్టుకోగలుగుతాయి. పాటల వరస ఇంత ఆలోచించి పెట్టిన లైవ్ ఆల్బములు ఈ శాఖలో తక్కువ.

‘సక్’ అనే పాట గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనల్ని కింద చెప్పబోయే మినిస్ట్రీ రికార్డు దగ్గరికి తీసుకెళుతుంది. అది మొదట నైన్ ఇంచ్ నెయిల్స్ పాట కాదు. పిగ్‌ఫేస్ అనే బృందం 1991 ఆల్బంలో రెజ్నర్ పాడినది. ఆ పిగ్‌ఫేస్‌ని మొదలుపెట్టింది మార్టిన్ అట్కిన్స్, బిల్ రీఫ్లిన్ అనే ఇద్దరు డ్రమ్మర్లు. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని వాయించింది 1990 మినిస్ట్రీ టూర్‌లో. ఆ స్నేహంలోంచే పిగ్‌ఫేస్ పుట్టింది. రెజ్నర్ 1992లో ‘బ్రోకెన్’ అనే రికార్డు చివర్న ఈ పాటని తనదిగా మళ్ళీ చేశాడు. రీఫ్లిన్ తర్వాత ‘ది ఫ్రాజైల్’లో ‘లా మేర్’కి డ్రమ్స్ వాయించాడు. ఈ లోకం పైకి ఎంత పెద్దగా కనిపించినా, లోపల చూస్తే పట్టుమని పాతికమంది మనుషులు ఒకళ్ళ రికార్డుల్లో ఒకళ్ళు వాయించుకున్న వాడ.

ఆఖరిది ‘హర్ట్’. 2002 నవంబరులో జానీ క్యాష్ ఆల్బంలో వచ్చాక ఈ పాట రాక్ విననివాళ్ళ దాకా వెళ్ళింది. ఇక్కడిది అంతకు ముందటిది. ఎవరూ అడక్కుండానే జనం గొంతు కలుపుతారు. ఆల్బం మొత్తంలో వాళ్ళని సరిగ్గా వినేది ఇక్కడే.

ఇక లోపం. జనం వినిపించేది ఇక్కడే అనడంలోనే ఆ లోపం ఉంది. మిక్స్ మరీ నున్నగా చేశారు. పాటకీ పాటకీ మధ్య రెజ్నర్ దాదాపు ఏమీ మాట్లాడడు, హాలు ఎంత పెద్దదో చెవికి అందదు, కొన్ని పాటల్లో గిటార్లు స్టూడియోలో ఉన్నంత అణకువగా ఉంటాయి. ‘క్లోజర్’ నా దృష్టిలో అలాంటిదే, పైన చెప్పిన ఒక నిమిషం పరీక్షలో అది తేలిపోతుంది. రెజ్నర్‌కే ఈ రికార్డింగ్ అంటే పడదు. ఆ టూర్‌లో తన ఒంట్లో బాగుండేది కాదని, దాన్ని తాను చూడలేనని తర్వాత చెప్పాడు. అప్పట్లో అతను మద్యం, మత్తుమందులతో సతమతమవుతున్నాడు, 2001లో వాటి నుంచి బయటపడ్డాడు. పాడినవాడికి నచ్చనిదాన్ని మనం కొనాలా అంటే, కొనాలనే అంటాను. అతను వింటున్నది ఆ రోజుల్ని, మనం వినేది పాటల్ని.

‘స్టిల్’ లేకుండా కొనకండి

రెండు డిస్కుల ఎడిషన్‌లో ‘స్టిల్’ అనేది వస్తుంది. ఇది కచేరీ కాదు, స్టూడియోలో చేసిన తొమ్మిది ట్రాకులు. నాలుగు పాత పాటల్ని ఎముకలు మాత్రం మిగిల్చి, ఎక్కువగా పియానో మీద మళ్ళీ చేశారు. మిగతా ఐదూ కొత్తవి. ‘ది బికమింగ్’ అనే పాట అసలు రూపంలో శాంపిళ్ళు, అరుపులు, చెవికి గుచ్చుకునే శబ్దాలతో కిక్కిరిసి ఉంటుంది. ఇక్కడ అవన్నీ తీసేశాక కింద ఇంత మంచి రాగం ఉందా అని ఆశ్చర్యపోతారు. ‘లీవింగ్ హోప్’ మాటల్లేని పియానో ముక్క. రాత్రి దీపాలు ఆర్పి, తక్కువ సౌండ్‌లో వినాల్సినది.

తెలుగువాళ్ళలో చాలామందికి రెజ్నర్ పేరు సినిమా సంగీతం ద్వారా తెలిసి ఉంటుంది. అట్టికస్ రాస్‌తో కలిసి ‘ది సోషల్ నెట్‌వర్క్’కి ఒకటి, ‘సోల్’కి ఒకటి, రెండు ఆస్కార్లు అందుకున్నాడు. ఆ సంగీతం నచ్చి ఇటు వచ్చినవాళ్ళు లైవ్ డిస్క్‌తో మొదలుపెడితే బెదిరిపోయే ప్రమాదం ఉంది. ముందు ‘స్టిల్’ పెట్టండి. ‘ది సోషల్ నెట్‌వర్క్’ లో విన్న ఆ ఒంటరి పియానో ఇక్కడ ఎనిమిదేళ్ళ ముందే కనిపిస్తుంది. దాని తర్వాత లైవ్ డిస్క్‌లోకి ‘ది గ్రేట్ బిలో’ దగ్గర దిగండి, అక్కడి నుంచి ముందుకి వెళ్ళండి. ఆల్బం వరస చెడగొట్టమంటున్నానని అభిమానులు తిట్టుకోవచ్చు. కొత్తవాళ్ళకి ఇదే సులువు.

మినిస్ట్రీ: కంచె అవతలి గొడవ

‘ఇన్ కేస్ యు డిడంట్ ఫీల్ లైక్ షోయింగ్ అప్’. కచేరీకి రావడానికి బద్ధకమేసినవాళ్ళ కోసమట, పేరులోనే వెక్కిరింత. ఇండియానా రాష్ట్రంలో మెరిల్‌విల్ అనే ఊళ్ళోని స్టార్ ప్లాజా థియేటర్‌లో 1990 ఫిబ్రవరి 22న రికార్డు చేశారు, అదే ఏడాది విడుదలైంది. సీడీలో ఆరే పాటలు, మొత్తం కలిపి నలభై నిమిషాలు.

నైన్ ఇంచ్ నెయిల్స్ ఆల్బంలో మనిషి యంత్రంతో పెనుగులాడతాడు అన్నాను కదా, ఇక్కడ మనుషులే యంత్రమైపోయారు. అట్కిన్స్, రీఫ్లిన్ ఇద్దరూ రెండు డ్రమ్ సెట్ల మీద కలిసి వాయిస్తుంటే ‘థీవ్స్’ లాంటి పాటలో సీక్వెన్సర్ ఎక్కడ ఆగిందో, చేతులు ఎక్కడ మొదలయ్యాయో విడదీయలేం. అప్పటి మినిస్ట్రీకి ముఖ్యులైన ఆల్ జోర్గెన్సన్, పాల్ బార్కర్‌ల చుట్టూ ఆ టూర్‌లో గిటార్లు వాయించేవాళ్ళు ముగ్గురు. పాడటానికి క్రిస్ కనెలీ, స్కిన్నీ పపీ గాయకుడు ఓగర్ కూడా వచ్చారు. ‘సో వాట్’ పది నిమిషాలు దాటి సాగుతుంది. చాలాసేపు ఒక బేస్ తీగ, డ్రమ్ములు, మధ్యమధ్య అరుపులు, అంతే. మామూలుగా అయితే విసుగు పుట్టాలి. పుట్టదు, ఎందుకంటే ప్రతి నాలుగు ఆవృతాలకీ ఏదో ఒకటి చేరి బిగుసుకుంటూ పోతుంది.

స్టేజీకీ జనానికీ మధ్య గొలుసు తీగ కంచె కట్టించడం ఆ టూర్‌లో ప్రసిద్ధమైన విషయం. వీడియోలో చూస్తే కుర్రాళ్ళు ఆ కంచె ఎక్కి వేలాడుతుంటారు. సీడీలో కంచె కనిపించదు గానీ దాని ప్రభావం ఉంటుంది. జనం గోల దూరం నుంచి కాకుండా మీద పడబోతున్నట్టు వినిపిస్తుంది. సౌండ్ పరంగా చూస్తే ఇది నైన్ ఇంచ్ నెయిల్స్ రికార్డు కాలి గోటికి సరిపోదు. గొంతు మాటలు సగం అర్థం కావు, కింది శబ్దాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అది తప్పుగా కాకుండా రుచిగా అనిపించేవాళ్ళు ఉంటారు, నేనూ కొన్ని రోజుల్లో ఆ గుంపులోవాడినే.

ఎవరికి మంచిది? మెటల్, హార్డ్‌కోర్ పంక్ వినే అలవాటున్నవాళ్ళకి. సింథసైజర్ అనగానే ముఖం చిట్లించేవాళ్ళని ఈ వైపు లాగడానికి ఇంతకంటే మంచి ఎర లేదు. సీడీ కంటే వీడియోలో పాటలు ఎక్కువ ఉన్నాయి, పంక్ బ్యాండ్ డెడ్ కెన్నెడీస్ గాయకుడు జెల్లో బియాఫ్రా స్టేజీ ఎక్కేది అందులోనే. ‘స్టిగ్మాటా’ స్టూడియో పాట మీకు ఇష్టమైతే ఇక్కడిది వినాల్సిందే. మెత్తని పాట ఒక్కటీ లేదు, కాబట్టి పగటిపూట ఆఫీసు పని చేసుకుంటూ పెట్టుకునే సరుకు కాదు.

రామ్‌స్టైన్: చూస్తే ఒకటి, వింటే ఒకటి

వీళ్ళని ఇండస్ట్రియల్ మెటల్ అనాలా, జర్మన్ సంగీత పత్రికలు పెట్టిన వేరే పేరుతో పిలవాలా అని వాదించుకునేవాళ్ళు వాదించుకుంటారు. మన లెక్కకి ఇటు వైపే. రెజ్నర్ కూర్చిన ‘లాస్ట్ హైవే’ సినిమా పాటల ఆల్బంలో 1997లో వీళ్ళ పాటలు రెండు ఉన్నాయి. అమెరికా చెవిన ఈ పేరు పడటానికి అదొక దారి.

వీళ్ళకి లైవ్ రికార్డులు బోలెడు. వాటిలో పోటీ పెట్టదగ్గవి రెండు. ఒకటి ‘లైవ్ ఆస్ బెర్లిన్’, 1998 ఆగస్టు 22, 23 తేదీల్లో బెర్లిన్ తూర్పు వైపున ఉన్న వూల్‌హైడ్ ఆరుబయలు రంగస్థలంలో చేసినది, మరుసటి ఏడాది వచ్చింది. ఇంకొకటి ‘పారిస్’, 2012 మార్చి 6, 7 తేదీల కచేరీలు, యోనాస్ ఆకర్‌లుండ్ దర్శకత్వంలో సినిమాగా తీసి 2017లో విడుదల చేశారు. మధ్యలో 2006 నాటి ‘ఫోల్కర్‌బాల్’ కూడా ఉంది. ఫ్రాన్స్‌లోని నీమ్‌లో రోమన్ల కాలపు రంగస్థలంలో తీసిన భాగం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మొదటి కొనుగోలుకి మాత్రం అది వద్దు.

వినడానికే అయితే ‘లైవ్ ఆస్ బెర్లిన్’. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్నవి రెండే ఆల్బములు, కాబట్టి తర్వాత పేరొచ్చిన ‘సోన్నె’, ‘ఫాయర్ ఫ్రై’ లాంటివి ఇందులో ఉండవు. అందుకు బదులుగా ఆకలి వినిపిస్తుంది. ఆరుగురూ పాత తూర్పు జర్మనీలో పెరిగినవాళ్ళు, వాయిస్తున్నది సొంత ఊళ్ళో. ‘డు హాస్ట్’లో జనం సమాధానం ఇచ్చే చోట వేల గొంతులు ఒక్క దెబ్బగా పడతాయి. జర్మన్ ముక్క రాకపోయినా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ‘జేమాన్’లో కీబోర్డు వాయించే ఫ్లాకే రబ్బరు పడవెక్కి జనం చేతుల మీద తేలుకుంటూ పోతాడు, ఇది వీడియోలో చూడాలి.

చూడటానికే అయితే ‘పారిస్’. గాయకుడు టిల్ లిండెమాన్ బాణసంచా వాడకంలో లైసెన్సు తీసుకున్నవాడు. ఆ మంటలు, లోహపు కట్టడాలు, వేషాలు అన్నీ కలిపి అది కచేరీ కంటే వీధి నాటకానికి దగ్గర. కానీ ఆకర్‌లుండ్ కత్తిరింపులు మరీ ఎక్కువ. ఒక్క దృశ్యం మీద కన్ను నిలవకముందే ఇంకోటి వచ్చేస్తుంది. ఎవరు ఏం వాయిస్తున్నారో చూద్దామనుకునేవాళ్ళకి చిరాకు. అదే రికార్డింగుని సీడీలో వింటే మంటలు ఉండవు, చేతులు సరిగ్గా పడినట్టు పడతాయి, స్టూడియోకి దీనికి తేడా తగ్గిపోతుంది. నా ఒక నిమిషం పరీక్షలో ‘పారిస్’ ఆడియో చాలా పాటల్లో తప్పుతుంది. అందుకే దాన్ని వీడియోగా తప్ప కొనమనను.

ఈ మూడు బ్యాండ్లే ఎందుకు, మారిలిన్ మాన్సన్ లేడా అని అడుగుతారు. 1999లో ‘ది లాస్ట్ టూర్ ఆన్ ఎర్త్’ వచ్చింది. పలు కచేరీల ముక్కలు అతికించి, చివర్న ఒక స్టూడియో పాట తగిలించిన ఆల్బం అది. అభిమానులకి సరే, మొదటి లైవ్ ఆల్బంగా వద్దు.

నైన్ ఇంచ్ నెయిల్స్‌లోనే ఇంకో దారి

మొదట చెప్పిన ఆల్బం డీవీడీగా కూడా వచ్చింది. సీడీలో లేని ‘లా మేర్’, ‘కాంప్లికేషన్’, ‘జస్ట్ లైక్ యు ఇమాజిన్డ్’ అందులో ఉంటాయి, సీడీలో ఉన్న ‘ది డే ది వరల్డ్ వెంట్ అవే’ అసలు కచేరీ వరసలో ఉండదు. పెద్ద కెమెరా బృందాలని పెట్టకుండా, టూర్‌లో ఉన్నవాళ్ళే మామూలు డిజిటల్ కెమెరాలతో తీసి, మాక్ కంప్యూటర్ల మీద రాబ్ షెరిడాన్ ఎడిట్ చేశాడు. ఇప్పటి టీవీల మీద బొమ్మ పలచబడినట్టు కనిపిస్తుంది. బిల్ వయోలా తెరలు చూడాలనుకుంటే తప్ప డీవీడీ కోసం వెతకనక్కర్లేదు.

2007లో వచ్చిన ‘బిసైడ్ యు ఇన్ టైమ్’ వేరే సంగతి. 2006 శీతాకాలపు అరీనా టూర్ నుంచి తీసినది, రెజ్నర్ అప్పటికి ఆరోగ్యంగా, కండలు తిరిగి ఉన్నాడు. గిటార్ మీద ఆరన్ నార్త్, డ్రమ్స్ మీద జాష్ ఫ్రీజ్. వాయింపు మాత్రం చూస్తే 2002 దానికంటే ఇదే గట్టిగా ఉందని ఒప్పుకోవాలి. మధ్యలో బ్యాండుకీ జనానికీ నడుమ పారదర్శకమైన తెర దించి దాని మీద బొమ్మలు వేసే భాగం బాగుంటుంది. అయినా దీన్ని ముందు వరసలో పెట్టలేదు, ఎందుకంటే దీని సీడీ రాలేదు, వీడియో రూపంలోనే ఉంది. బస్సులో, నడకలో, వంట చేస్తూ వినడానికి కుదరదు.

డబ్బులు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి మూడోది: ‘అనదర్ వెర్షన్ ఆఫ్ ది ట్రూత్’. 2009 జనవరిలో రెజ్నర్ విక్టోరియా, పోర్ట్‌లాండ్, శాక్రమెంటో కచేరీల ముడి వీడియోని, 400 జీబీకి పైగా ఉన్నదాన్ని, టోరెంట్‌లో వదిలేశాడు. అభిమానులు దాన్ని పంచుకుని, ఎడిట్ చేసి, సౌండ్ కూర్చి ఆ ఏడాది చివరికల్లా పూర్తి సినిమాగా తీసుకొచ్చి ఉచితంగా ఇచ్చారు. జీతం తీసుకోనివాళ్ళు చేసిన పనిలా అనిపించదు. ‘గోస్ట్స్’, ‘ది స్లిప్’ ఆల్బముల కాలపు పాటలు కావాలంటే ఇదే చోటు. పాత పాటల కోసమే వచ్చినవాళ్ళు మొదటి దానితోనే ఉండండి.

కొనేటప్పుడు

హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి సీడీలు అమ్మే దుకాణాలు పెద్దగా మిగల్లేదు. మీరు వాడే స్ట్రీమింగ్ యాప్‌లో ముందు వెతకండి, నచ్చాకే డిస్క్. అమెరికాలో అన్నయ్యో మరదలో ఉంటే, సెలవులకి వచ్చేటప్పుడు అక్కడి సెకండ్ హ్యాండ్ రికార్డు షాపులో చూడమనండి. పోస్టులో తెప్పిస్తే పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ కలిపి డిస్క్ ధరని మించిపోవచ్చు. అడిగేటప్పుడు ఆల్బం పేరు ఒక్కటే చెబితే చాలదు. ఒక్క డిస్క్ ఎడిషనూ ఉంది, రెండు డిస్కులదీ ఉంది. లోపల ‘స్టిల్’ ఉందో లేదో తెరిచి చూసి ఫోటో పంపమనండి.

వీడియోల దగ్గర ఇంకో చిక్కుంది. అమెరికా డీవీడీలు సాధారణంగా ఒకటో రీజియన్‌వి, మన ప్లేయర్లు ఐదో రీజియన్‌వి. బ్లూరేల్లో వాళ్ళది ఎ, మనది సి. అట్ట వెనక అన్ని రీజియన్లకీ పనికొస్తుందని రాసి ఉంటే సరే, లేకపోతే పెట్టినా ఆడదు. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ ఐదుసార్లే, ఆ తర్వాత ఆఖర్న పెట్టిన రీజియన్ దగ్గరే లాక్ అయిపోతుంది. ‘బిసైడ్ యు ఇన్ టైమ్’ చవగ్గా కనిపించిందని ఎగబడకండి, అది హెచ్‌డీ డీవీడీ రూపంలో కూడా వచ్చింది. ఆ ఫార్మాట్ 2008లోనే మూతబడింది, బ్లూరే ప్లేయర్‌లో ఆడదు. అట్ట మీద ఏ గుర్తు ఉందో చూసుకున్నాకే డబ్బు కట్టండి.